కన్నదీ విన్నదీ

తెలంగాణపు పల్లెలో ఒక వృద్ధుని వయస్సెంతయని అడిగినచో ఆయన అంకె చెప్పడు. "పోలీసు యాక్షన్ నాటికి నేను పసులు కాసేటోణ్ణి" అని చెప్పును. ఆ ఒక్క మాటలో వయస్సు కలదు, కాలము కలదు, ఆనాటి బ్రతుకు కూడ కలదు. 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించిన ఆ కొద్ది దినములు కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములవారికి కాలమును కొలుచుకొనెడి హద్దురాయి అయినవి. దానికి ముందటిదంతయు నిజాం నాటిది, తరువాతిదంతయు మొన్నటిది. అయితే ఆ దినములను కన్నులార చూచినట్లు వర్ణించువారిలో కొందరి వయస్సును లెక్కవేసి చూచినచో, వారప్పటికి పుట్టనేలేదని తేలును. రజాకార్లు వచ్చిన త్రోవ, ఆడవారు పిల్లలను చంకనిడుకొని జొన్నచేలలో దాగిన తీరు, ఆ రాత్రి కుక్కలు మొరిగిన దిక్కు, అన్నిటిని వారు చెప్పుదురు. చెప్పునపుడు వారి కంఠము గద్గదమగును.

వారు అబద్ధమాడుచున్నారా? లేదు. అబద్ధమాడువానికి నిజము వేరుగ తెలిసియుండవలెను. వీరికి తెలిసిన నిజము అదియే. తల్లియో మేనత్తయో వాకిట నులకమంచముపై కూర్చుండి ఆ కథను ఎన్ని రాత్రులు చెప్పియుండునో! విన్నమాట బొమ్మయైనది, బొమ్మ నిలిచినది, ఎవరు చెప్పగా విన్నామన్న సంగతి మాత్రము జారిపోయినది. మనస్సు ఒక సంగతిని దాచుకొనునపుడు అది ఎక్కడినుండి వచ్చినదో ఆ గుర్తును కూడ దానిపై వేయును గాని, ఆ గుర్తు మిగిలినదానికంటె ముందుగ చెరిగిపోవునని మనశ్శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఇది మన పల్లెలకు మాత్రమే చెందిన సంగతి కాదు. స్విట్జర్లండు దేశపు మనశ్శాస్త్రవేత్త జాన్ పియాజే తన చిన్ననాటి ముచ్చట నొకదానిని వ్రాసియున్నాడు. దాది అతనిని తోపుడుబండిలో కూర్చుండబెట్టుకొని పారిస్ నగరపు రాజవీథిలో పోవుచుండగా ఎవడో అతనిని ఎత్తుకొనిపోవ జూచెను. దాది అడ్డుపడెను, ఆమె ముఖముపై గోటిగీరలు పడెను. గుమిగూడిన జనమును, తెల్లని కర్ర పట్టుకొని వచ్చిన పోలీసువానిని, ఆ గీరలను అతడు ఏండ్లు గడచిన తరువాత కూడ కన్నులయెదుట చూడగలిగెడివాడు. అతనికి సుమారు పదునైదేండ్లు వచ్చినపుడు ఆ దాది ఉత్తరము వ్రాసి, ఆ కథయంతయు తాను కల్పించినదని ఒప్పుకొని, నాడు బహుమానముగ పుచ్చుకొన్న గడియారమును తిరిగి పంపెను. పిల్లవాడు పెద్దల నోట విన్న కథకు తానే కన్నులు సమకూర్చుకొన్నాడన్నమాట.

1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అను ఇరువురు విద్యార్థులకు కార్లు ఢీకొన్న చలనచిత్రమును చూపిరి. "కార్లు తగిలినపుడు ఎంత వేగముగ పోవుచుండెను?" అని కొందరినడిగిరి, "కార్లు ఒకదానినొకటి తుక్కు చేసికొన్నపుడు" అని మరికొందరినడిగిరి. వారము దినముల తరువాత, "పగిలిన అద్దము చూచితిరా?" అని అందరినీ అడిగిరి. చిత్రములో పగిలిన అద్దమే లేదు. అయినను మొదటి ప్రశ్న విన్న 50 మందిలో 7 గురు, రెండవ ప్రశ్న విన్న 50 మందిలో 16 గురు చూచితిమనిరి. అడిగినవారి నోటిలోని ఒక్క క్రియాపదము విన్నవారి కంటిలో గాజుపెంకులను చల్లినది. పల్లెలకు పోయి వృద్ధులను ప్రశ్నించు చరిత్రకారులు ఈ ప్రయోగమును మరువరాదు. "రజాకార్లు మీ ఊరిని ఎప్పుడు కాల్చినారు?" అని అడుగుట వేరు, "ఆ ఏడు మీ ఊరిలో ఏమి జరిగినది?" అని అడుగుట వేరు.

ఒక్క మనిషి సంగతి ఇట్లుండగా ఊరంతయు కలిసి గుర్తుంచుకొన్న సంగతి మరి యెట్లుండును? కరీంనగరు చేరువనున్న ఎల్గందల దుర్గమును తీసికొందము. కరీంనగరు పట్టణము పెరుగక పూర్వము ఆ సీమకు ముఖ్యపట్టణము ఎల్గందలయే. ఈ కోటనుండి మానకొండూరు దాక సొరంగమార్గము కలదని ఆ ప్రాంతమున చెప్పుకొనెడివారెందరో. ఎవరి తాతయో దివిటీ పట్టుకొని కొంతదూరము పోయెనట. గాలి చాలక దివిటీ ఆరిపోగా తిరిగి వచ్చెనట. ఈ రెండు స్థలములకు నడుమ మానేరు పారుచున్నది. ఏటి ఇసుకక్రింద, ఊటనీటి అడుగున, అంత పొడవున మనుష్యులు నడువదగిన దారి త్రవ్వుట ఆ కాలపు పనివారికి ఎట్లు సాధ్యమో మాకు తోచదు. గోలకొండలోను ఇట్టి కథయే కలదు. అసలు సొరంగము కథ లేని కోట తెలుగునాట ఉన్నదో లేదో! రాజును పోగొట్టుకొన్న ఊరు ఆయన చిక్కినాడని ఒప్పుకొనజాలదు. తప్పించుకొని పోవుటకు దారి ఒకటి ఉండితీరవలెను. ఇట్టి జ్ఞాపకమువలన ఎవరికిని నష్టము లేదు. పిల్లలు కోట చూచుటకు ఉత్సాహపడుదురు, అంతే.

నష్టమున్న చోట్లు వేరే కలవు. ఆదిలాబాదు అడవులలోని జోడేఘాట్ అట్టి చోటు. 1940లో అక్కడ నిజాం ప్రభుత్వపు సాయుధబలములు గోండు నాయకుడు కుమ్రం భీమును కాల్చిచంపినవి. బాబెఝరీ మొదలైన పన్నెండు గూడెముల చుట్టు అడవిని ప్రభుత్వము రక్షితారణ్యముగ చేసికొని, అందు పోడు కొట్టి బ్రదుకువారిని వెడలగొట్టుటతో ఆ పోరు మొదలైనది. నాయకుని పేరునే చూడుడు. ఆస్ట్రియా దేశమునుండి వచ్చి, ఆ పోరు చల్లారిన కొలదికాలమునకే గోండులనడుమ నివసించి వ్రాసిన హైమెన్‌డార్ఫ్ పండితుడు అతనిని భీము అనినాడు. గోండుల ఇంటిపేరు కుమ్ర. తెలుగు అచ్చులో అది కొమరం, కొమురం, కుమురం, కుమ్రం అయినది. 2016లో ఏర్పడిన జిల్లా పేరు విషయమున కూడ ఈ వ్రాత మారినది.

పేరుకంటె తేదీ చిత్రమైనది. భీము చనిపోయిన దినము సెప్టెంబరు 1 అని ఒకచోట, అక్టోబరు 8 అని వేరొకచోట, అక్టోబరు 27 అని మరియొకచోట అచ్చయినది. గోండులు మాత్రము ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడేఘాట్‌లో చేరి అతనిని స్మరించుచున్నారు. మేము పంచాంగపు లెక్క తీసి చూచితిమి. 1940, అనగా విక్రమ సంవత్సరమున, సెప్టెంబరు 1 అమావాస్యను ఆనుకొనియున్నది. ఆ రాత్రి చంద్రుడు లేడు. అక్టోబరు 8న సగము చంద్రుడు. అక్టోబరు 27 బహుళపక్షపు చివరిదినములలోనిది. ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబరు 15, 16 తేదీలనడుమ వచ్చినది. అచ్చులోని ఈ తేదీలలో ఏదియు పౌర్ణమితో కలియదు. అయినను తిథిని, తేదీని ప్రక్కప్రక్కనే వేసి అచ్చొత్తినవారు కలరు.

ఈ చిక్కు ఎట్లు వచ్చియుండునని ఆలోచించినపుడు మాకొక సంగతి తట్టినది. నిజాం రాజ్యమున కాగితములపై వ్రాసినది ఫసలీ సంవత్సరము. ఆ సంవత్సరము ఆజూర్ మాసముతో, అనగా అక్టోబరు మొదటివారములో మారెడిది. ఫసలీని క్రీస్తుశకమునకు మార్చుటకు 590 కలుపుదురు. కాని అది అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకే సరిపోవును; జనవరినుండి సెప్టెంబరు చివరివరకు 591 కలుపవలెను. ఈ మెలిక తెలియనివాడు కాగితమునుండి ఎత్తివ్రాసినపుడు ఒక ఏడు ముందుకో వెనుకకో జరిగిపోవును. జోడేఘాట్ పోరు సరిగా ఆ సంవత్సరములు మారెడి సంధిలో జరిగినది. ఈ తేదీలు ఇందువలననే చెదరినవని మేము పట్టుబట్టము. సిరా కూడ పొరబడుననుటకు మాత్రము ఇది చాలును.

పౌర్ణమి మాట నిజమా? జనుల జ్ఞాపకము పెద్ద సంఘటనలను పండుగలకు, పౌర్ణములకు దగ్గరగ లాగుకొనుట కద్దు. కనుక పౌర్ణమి అన్నంతమాత్రాన నమ్మరాదు. కాని అక్టోబరు నడిమి వెన్నెలను గూర్చి మా తూకము గోండుల వైపే మొగ్గును. ఏటేట కాళ్ళతో నడచి, చేతులతో చేసెడి జ్ఞాపకము నోటితో చెప్పెడి జ్ఞాపకమువలె తేలికగ జారిపోదు. స్థలమును గూర్చియు ఇంతే. సంవత్సరమును, సంఖ్యను, ఎవరేమనిరన్న మాటలను జనులు మార్చివేయుదురు గాని, ఈ బండయొద్ద, ఈ వాగుగట్టున అన్నదానిని అంత సులభముగ విడువరు.

ఇటలీ దేశమున టెర్నీ అను ఉక్కుకార్మికుల పట్టణము కలదు. 1949 మార్చిలో అక్కడ, నాటో సైనికకూటమిలో ఇటలీ చేరుటను నిరసించిన ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరుపగా లూయీజీ ట్రాస్టుల్లి అను యువకార్మికుడు చనిపోయెను. చాలకాలము తరువాత అలెస్సాండ్రో పోర్టెల్లి అను పండితుడు ఆ ఊరి కార్మికుల మాటలు వ్రాసికొన్నపుడు, వారిలో ననేకులు ఆ చావును 1953లో జరిగిన కార్మికుల తొలగింపు అలజడిలో జరిగినట్లు చెప్పిరి. నాలుగేండ్లు ముందుకు జరిపిరి. ఏలయన, వారి బ్రదుకులను తలక్రిందులు చేసినది ఆ తొలగింపు. తమవాడొకడు ప్రాణమిచ్చియుండినచో అది దానికొరకే అయియుండవలెనని వారి మనస్సునకు తోచినది. తప్పు తేదీయే ఆ కార్మికుల గుండెను తెరచి చూపినదని పోర్టెల్లి పండితుని వాదము. మాకును ఇది నచ్చినది. తప్పును సవరించి ఊరకుండక, ఆ తప్పు ఎందుకు వచ్చినదని కూడ అడుగవలెను.

నిర్మలలోని మర్రిని ఈ కంటితో చూడవలెను. 1857 తిరుగుబాటు అనంతరము రాంజీ గోండు నాయకత్వమున గోండులు, రోహిల్లాలు ఆ అడవులలో ఆంగ్లేయులతోను, నిజాం సేనలతోను పోరాడిరి. 1860లో రాంజీని, అతని అనుచరులను నిర్మల యొద్ద ఒక మర్రిచెట్టునకు ఉరివేసిరి. ఆ చెట్టు నేడు లేదు. దాని పేరు మిగిలినది: వెయ్యి ఉరుల మర్రి. వెయ్యిమందిని ఒక్క చెట్టునకు ఉరివేయుట సాధ్యమా యని కొందరు చదువుకొన్నవారు నవ్వుట మేము వినియున్నాము. వారు తెలుగు వినలేదేమో! మన భాషలో వేయి అనునది ఎల్లప్పుడును లెక్క కాదు. వేయేల అనుదుము, వెయ్యిండ్ల పూజారి అనుదుము, వేయికన్నులతో ఎదురుచూతుము. లెక్కించుటకు మనస్సొప్పనిచోట వేయి అనుదుము. ఆ చెట్టు మీదుగ పోయిన త్రోవను చాలకాలము జనులు ఏ చూపుతో చూచియుందురో ఆ పేరే చెప్పుచున్నది. అట్లని అది వట్టి మాటయని కొట్టివేయుట కూడ తగదు. ఉరివేసినవారే లెక్క వ్రాసికొన్నవారు. తక్కువ వ్రాసికొనుటకు వారికి కారణమున్నంతగ, ఎక్కువ చెప్పుకొనుటకు చూచినవారికి లేదు.

ఈ మాట మరింత దగ్గరికాలమున పరీక్షకు వచ్చినది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో సంతనాడు, సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. చనిపోయినవారు 13 గురని ప్రభుత్వము చెప్పినది. ఆదివాసులు, పౌరహక్కులవారు చెప్పిన సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. ఇక్కడ తప్పు జ్ఞాపకమెవరిది? గూడెములోని వృద్ధురాలి మనస్సును శంకించుట సులభము. దస్త్రమును శంకించుటకు కొంత ధైర్యము కావలెను. అక్కడి స్తూపమునొద్ద సంస్మరణమును చాల సంవత్సరములు నిషేధాజ్ఞలతో ఆపినారు. జనులు కూడి తలచుకొనుటకు వీలులేనిచోట ఒకరి మాట మరొకరి మాటతో ఒరసికొనదు. ఒరసికొననిచో తప్పులు తొలగవు. గుసగుసలో సంఖ్య పెరుగును, తరుగును. పెరిగినదని నిందించువారు, గుసగుసకు నెట్టినదెవరని కూడ అడుగవలసియున్నది.

అందరు కలిసి తలచుకొన్నంత మాత్రాన జ్ఞాపకము శుద్ధమగునా అనినచో, అదియు కాదు. గోండుల వంశకథలను కాపాడువారు ప్రధానులు. కీక్రీ వాయించుచు, తరతరములుగ కథలు పాడుట వారి వృత్తి. పాట కట్టు గట్టిదైనచోట మాట నిలుచును. కట్టు వదులైనచోట పాడువాడు తన కాలమును కలుపును. ప్రధానుల తరువాత నవల వచ్చినది, నాటకము వచ్చినది, చలనచిత్రము వచ్చినది. అల్లం రాజయ్య, సాహు కలిసి భీముపై వ్రాసిన నవలను చదివినవారు ఎందరో. చదివినవారు గూడెములకు పోయి చెప్పుదురు. గూడెములవారు మరల వచ్చినవారికి చెప్పుదురు. వచ్చినవాడు దానిని "పెద్దల నోట విన్నది" అని వ్రాసికొనును. నదినీరు కాలువలో పడి, కాలువనీరు నదిలో పడినట్లు, ఏది ఊటయో తెలియదు.

2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. చిత్రము భీమును, అల్లూరి సీతారామరాజును స్నేహితులుగ చూపినది. అది కల్పనయని చిత్రము తీసినవారే చెప్పిరి. సీతారామరాజు 1924లో మరణించినాడు. భీము పోరు 1940లోనిది. నేడు ఆ చిత్రము చూచిన పిల్లవాడు ఏబది ఏండ్ల తరువాత తన మనుమనికి ఏమి చెప్పునో మనము ఊహింపవచ్చును. చిత్రమును మరచును, బొమ్మను మరువడు. పియాజేకు దాది ఎట్లో వీనికి తెర అట్లు. మేము కళాకారుని తప్పు పట్టము. కల్పన అతని హక్కు. కల్పనయన్న గుర్తు చెరిగిపోవుట మనస్సు చేసెడి పని.

ఇవి పండితులు కూర్చుండి తర్కించుకొనెడి సంగతులు మాత్రమేయైనచో మేమింత దూరము వచ్చియుండము. 2006 అటవీహక్కుల చట్టము ప్రకారము, అడవిభూమిని సాగుచేయు ఆదివాసి తాను 2005 డిసెంబరు 13 నాటికి పూర్వమే ఆ భూమిపై ఉన్నానని చూపవలెను. చూపుటకు కాగితములు కావలెను. కాగితములు లేనివారే అడవిలో ఎక్కువ. అందుచే ఆ చట్టపు నియమావళి, అర్జీదారు కాని ఇతర పెద్దలు చెప్పగా వ్రాసికొన్న వాంగ్మూలమును కూడ సాక్ష్యముగ ఒప్పుకొన్నది. అనగా ఆసిఫాబాదు అడవిలోని ముసలివాని జ్ఞాపకము నేడు దస్తావేజు. దానిపై రెండెకరములో, మూడెకరములో ఆధారపడియున్నవి. ఆ ఎకరములపై ఒక ఇంటి జొన్నగటక ఆధారపడియున్నది.

ఇట్టిచోట జ్ఞాపకపు స్వభావము తెలియని అధికారి రెండు విధముల అన్యాయము చేయగలడు. పెద్దమనిషి సంవత్సరము తప్పు చెప్పెనని భూమియే అబద్ధమని త్రోసివేయుట ఒకటి. ఆయన నోట తనకు కావలసిన సంవత్సరమును పలికించి వ్రాసికొనుట రెండవది. రెండవది దయగ కనబడును గాని, రేపు వేరొక అధికారి మరల అడిగినపుడు ఆ సంవత్సరము నిలువదు. దానితోపాటు నిజమైన మాటలు కూడ కూలిపోవును. ఈ పనిలో మనకు హైమెన్‌డార్ఫ్ దంపతుల పద్ధతి కొంత మార్గము చూపగలదు. 1940 తరువాత ప్రభుత్వము ఆయనను గోండుల స్థితిని పరిశీలింప నియోగింపగా, ఆయన కచ్చేరిలో కూర్చుండి సాక్షులను పిలిపించుకొనలేదు. మార్లవాయిలో గుడిసె వేసికొని, గోండీ నేర్చి, వారి పండుగలకు, పంచాయతీలకు పోయి వినెను. గోండులకు పట్టాలు లభించుటలో, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలయుటలో ఆ వినికిడి పని చేసినది. 1987లో చనిపోయిన ఆయన భార్య సమాధి ఆ ఊరిలోనే కలదు.

వాంగ్మూలము వ్రాసికొనువారికి మేము చెప్పునది కొంచెమే. సంవత్సరమును మొదట అడుగకుడు. ఆ చేనిలో మొదటి ఏడు ఏమి విత్తినారో, ప్రక్కన ఎవరి నాగలి ఉండెనో, ఏ ఇప్పచెట్టు హద్దో, ఆ ఏడు ఎవరింట పెండ్లి జరిగెనో, ఏ వాగు పొంగెనో అడుగుడు. పెద్దమనిషిని చేనియొద్దకు తీసికొనిపోయి అడుగుడు. గోడలనడుమ మరచినది గట్టుమీద తట్టును. ఇద్దరు పెద్దలను ఒకచోట కూర్చుండబెట్టక వేరువేరుగ వినుడు. తరువాత ఒకచోట చేర్చి వారిలో వారు వాదించుకొనుచుండగా మరల వినుడు. గోండీలోనో కోలామీలోనో చెప్పినదానిని ముందు ఆ భాషలోనే వ్రాసి, పిదప తెలుగు చేయుడు. చెప్పినవారు తాము చూచినదని చెప్పినదానిని, తండ్రి చెప్పగా విన్నదని చెప్పినదానిని వేరువేరు పేరాలలో ఉంచుడు. ఇంత చేసిన పిదప కూడ సంవత్సరము తేలనిచో, ఆ గడిని ఖాళీగ విడిచి, దాని ప్రక్కన ఆ ఇప్పచెట్టు పేరును వ్రాయుడు.